మన్నిక

మనకు లాస్ట్ అంటే ఆఖరిది.
లాస్ట్ బస్సు, లాస్ట్ బెంచీ.
క్లిఫర్డ్ టెబట్ దగ్గర ఆ మాటకు
మడమ ఉంది, వేళ్ల దగ్గర వంపు ఉంది,
ఎడమా కుడీ ఉన్నాయి.

నార్తాంప్టన్‌లో, రైలుకట్ట వెనక సందులో
ఎర్రిటుకల కార్ఖానా, మూడో అంతస్తు.
నేల నుంచి కప్పు దాకా అరలు,
అరల నిండా కొయ్య పాదాలు.
బూటు కుట్టేటప్పుడు తోలును
దేని మీద లాగి మేకులు కొడతారో
ఆ అచ్చు పేరే లాస్ట్.
ఒక్కోదాని మీద పెన్సిలుతో ఒక పేరు.
ఎన్నడూ ఈ మెట్లెక్కని పెద్దమనుషులు
ఇక్కడ ఉత్తికాళ్లతో వరస కట్టి నిలబడ్డారు.

"మాట పాతది," అంటాడు టెబట్,
బీచి చెక్క మీద ఆకురాయి ఆపకుండా.
"మా తాతకు తెలీదు. లైబ్రరీలో లావుపాటి నిఘంటువు చెప్పింది,
మావిస్ పన్ను పీకించుకుంటున్న రోజు,
బయట వాన."

వెయ్యేళ్ల కిందట
ఆ మాటకు అర్థం అడుగుజాడ.
ఎవరో నడిచిపోయాక బురదలో మిగిలిన గుంట.
ఆ గుంటలోంచి క్రియ లేచింది:
జాడలో అడుగేస్తూ వెంట పోవడం.
దొర వెంట. ఇచ్చిన మాట వెంట.
వెంట పోగాపోగా, వదలకుండా ఉండడం.
ఉండగా ఉండగా, ఊరికే
ఉండడం.
"రొట్టె బుధవారం దాకా వస్తుందా?" అని
మావిస్ అడిగేది ఆ క్రియతోనే.
మనం పప్పును రమ్మంటాం నెలాఖరు దాకా,
వాళ్లు రొట్టెను జాడలో నడిపిస్తారు.

నేర్చుకోవడం కూడా ఆ బురదలో పుట్టిన చుట్టమేనట.
టెబట్ యాసలో నేర్వడానికీ నేర్పడానికీ ఒకటే మాట;
"తాత నన్ను నేర్చుకున్నాడు," అంటాడు,
బొటనవేలి మీద పాత గాటు చూపించి.

పదకొండో అరలో మిస్ హిల్డా క్విన్సీ.
ఎడమ మూడో నంబరు, కుడి అయిదు.
చిన్నప్పటి పోలియో.
అయిదేళ్లకో జత, ఎప్పుడూ గోధుమరంగే.
వయసు ఎముకను పక్కకు తోసినప్పుడల్లా
అక్కడో తోలుముక్క అంటించాడు.
నాలుగు పొరలు, నాలుగు తేదీలు.
ఆవిడ పాదం ఎంత నొచ్చిందో
ఆవిడ తర్వాత తెలిసింది ఇతనికే.
ఫిబ్రవరిలో పోయింది.
మనిషి పోతే కొయ్య పొయ్యిలోకి, అదీ రూలు.
అతను రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్లి
రెండుసార్లూ టీ కాచుకుని వచ్చాడు.

శుక్రవారం గోడ మీద నోటీసు.
ఫ్లాట్లు కడతారట. ఆఖరి పనిదినం ఫలానా.
టెబట్ కళ్లజోడు తుడుచుకుని చదివాడు.
"ఈ లాస్ట్ మా లాస్ట్ కాదు.
ఇది లేటుకు బిడ్డ.
అందరికన్నా లేటైతే లాస్ట్.
మాతో నెత్తుటి సంబంధం లేదు,
ఒకే రకం కోటు తొడుక్కున్న పరాయివాడు."

మన దగ్గరా ఉన్నారు అలాంటి ఇద్దరు.
మన్ను అంటే మట్టి.
మన్ను అంటే చెడకుండా నిలుచు, మన్నిక దాని కూతురు.
అక్కాచెల్లెళ్లనుకుంటాం.
కారట.
ఒకరిలో ఒకరు కలిసిపోవడం మాత్రం
రోజూ చూస్తూనే ఉంటాం.

సాయంత్రం నాలుగున్నర.
కోటు కింద మిస్ క్విన్సీ జతతో
మూడంతస్తులు దిగాడు.
ఇంటికి కాదు, నది పక్క కూరగాయల మడికి.
ఉల్లికాడల వరస చివర, తడినేల మీద
రెండు కొయ్యపాదాలూ పక్కపక్కన పెట్టి
అరచేతులతో అదిమాడు,
తన బరువంతా వేసి,
మోకాళ్లు మాసిపోయేలా.

తీశాక
ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.
చిన్నదాంట్లో ముందు నీరు ఊరింది.

గేటు దగ్గర మావిస్, గొడుగుతో:
"ఏం చేస్తున్నావక్కడ?"

"ఏం లేదు," అన్నాడు లేవకుండా.
"కొలత చూస్తున్నా."